దగ్గు సంగతి మత్తు డాక్టరుకు చెప్పండి

ప్రశ్న: మా బాబుకి రెండేళ్ళ తొమ్మిది నెలలు. ఏడ్చినా, ముక్కినా కుడి గజ్జలో ఉబ్బు వస్తోంది, పడుకుంటే పోతోంది. కాకినాడలో పిల్లల సర్జన్‌కు చూపిస్తే హెర్నియా అన్నారు. చిన్న ఆపరేషనే, సాయంత్రానికి ఇంటికి వెళ్ళిపోవచ్చు అన్నారు. మా ఆయన కువైట్‌లో పనిచేస్తారు, నెల సెలవు మీద వచ్చారు. ఆయన ఉండగానే అయిపోవాలని వచ్చే గురువారానికి పెట్టించుకున్నాం. మా అత్తగారు మాత్రం వద్దంటున్నారు. వయసొస్తే అదే పోతుంది, మా మరిదిగారికి కూడా చిన్నప్పుడు అలాగే పోయింది అంటున్నారు. ఇంకొక విషయం. మొన్న ఆదివారం బాబుకి జ్వరం వచ్చింది. ఒక్కరోజులో తగ్గింది కానీ దగ్గు ఇంకా ఉంది, రాత్రిపూట కఫం వస్తోంది. చెప్తే వాయిదా వేస్తారు, సెలవు అయిపోతుంది, సిరప్ వేస్తున్నాంగా, చెప్పక్కర్లేదులే అంటున్నారు ఈయన. మత్తు మందు వల్ల పిల్లల బుర్ర మొద్దుబారుతుందని ఒక వీడియోలో చూశాను. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. నన్ను లోపలికి రానిస్తారా? వాడికి నా మీద కోపం ఉండిపోతుందా?
– ఒక అమ్మ, కోనసీమ జిల్లా

సమాధానం:

చెల్లెమ్మా,

గురువారంలోగా మీకు అందాలని మిగతా ఉత్తరాలు పక్కన పెట్టి ముందు మీకే రాస్తున్నాను. మీరు చివర్లో అడిగిన ప్రశ్నలకు తర్వాత వస్తాను. మధ్యలో రాసిన దగ్గు సంగతి దగ్గరే నా మనసు ఆగిపోయింది. అది చెప్పి తీరాలి. గురువారం దాకా కూడా ఆగొద్దు. రేపు ఉదయమే ఆస్పత్రికి ఫోన్ చేసి, ఆదివారం జ్వరం వచ్చిందనీ, ఇప్పటికీ కఫంతో దగ్గుతున్నాడనీ చెప్పండి. వేస్తున్న సిరప్ పేరు కూడా చెప్పండి.

జలుబు, దగ్గు చేసినప్పుడు పిల్లల గొంతూ, ఊపిరి గొట్టాలూ లోపల వాచి, చిన్న తాకిడికే బిగుసుకుపోయేలా ఉంటాయి. పైకి దగ్గు తగ్గినా ఆ స్థితి లోపల రెండు మూడు వారాలు, కొందరిలో ఇంకా ఎక్కువ రోజులు ఉంటుంది. అలాంటప్పుడు మత్తు ఇస్తే గొంతు ఒక్కసారిగా మూసుకుపోవడం, ఆక్సిజన్ పడిపోవడం ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో కంటే ఎక్కువగా జరుగుతాయి. అలా జరిగితే ఏం చేయాలో మత్తు డాక్టర్లకు బాగా తెలుసు. కానీ ముందే తెలిస్తే ఆ ప్రమాదంలోకి మీ బాబును తీసుకెళ్ళనే తీసుకెళ్ళరు. జ్వరం లేకుండా, ముక్కు నుంచి నీళ్ళలా కారుతూ, హుషారుగా ఆడుకునే పిల్లలకైతే చాలాసార్లు అనుకున్న రోజే చేసేస్తారు. జ్వరం వచ్చి, కఫం దగ్గు ఉన్నవాళ్ళను మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలు ఆపుతారు. మీ బాబు విషయంలో ఏం చేయాలో వాడి ఛాతీ విన్న డాక్టరే చెప్పాలి. సిరప్ వేసి, దగ్గు వినబడకుండా చేసి తీసుకెళ్తే ఆయన చేతికి సగం సమాచారమే అందుతుంది.

ఆ సిరప్ సీసా మీద ఏం రాసి ఉందో కూడా ఒకసారి చదవండి. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందులను నాలుగేళ్ళ లోపు పిల్లలకు వాడకూడదని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది. మన ఊళ్ళ మందుల షాపుల్లో అడగ్గానే ఇచ్చేస్తూనే ఉన్నారు.

ఇక మీ ఆయన సెలవు గురించి. బిడ్డ ఆపరేషన్‌కు తండ్రి పక్కన ఉండాలనుకోవడం న్యాయం. ఏడాదికో, రెండేళ్ళకో ఒకసారి వచ్చే మనిషికి ఆ కోరిక ఎంత బలంగా ఉంటుందో నేను ఊహించగలను. అందుకే ఆయన తిరుగు ప్రయాణం తేదీ కూడా డాక్టరుకు చెప్పండి. ఆ తేదీకి ముందు సురక్షితమైన రోజు ఏదైనా దొరుకుతుందేమో వాళ్ళే చూస్తారు. దొరకకపోతే మీ నాన్నగారో, అన్నయ్యో తోడొస్తారు, ఆయన అక్కడి నుంచి వీడియో కాల్‌లో వాడిని చూసుకుంటారు. ఈ వయసులో ఉబ్బు మెత్తగా ఉండి, పడుకుంటే లోపలికి వెళ్ళిపోతున్నంత కాలం నెల రోజులు ఆగినా సాధారణంగా ఇబ్బంది ఉండదు. పేగు ఇరుక్కుపోయే భయం ఎక్కువగా ఉండేది ఏడాది లోపు పిల్లల్లో.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మా వాడికి మూడేళ్ళప్పుడు ఇదే ఆపరేషన్ అయింది, అదీ కుడివైపే. ఇప్పుడు ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. ఆపరేషన్ ఉదయం ఎనిమిదింటికి. రాత్రి రెండు దాటాక పాలు కూడా పట్టొద్దన్నారు. తెల్లవారుజామున ఐదింటికి వాడు లేచి పాలు పాలు అని ఏడ్చాడు. నేను స్నానానికి వెళ్ళాను. మా అమ్మకు మనసు ఆగక అరగ్లాసు పాలు పట్టేసింది. అన్నం కాదు కదా, పాలేగా అనుకుంది పాపం. ఆస్పత్రిలో వాడికి పచ్చ గౌను తొడిగి కూర్చోబెట్టాక, వణుకుతున్న గొంతుతో నా చెవిలో ఆ మాట చెప్పింది.

అప్పటికే డబ్బు కట్టేశాం. మా ఆయన ఆఫీసుకు సెలవు పెట్టారు. వారం రోజులుగా వాడికి నచ్చజెప్పి నచ్చజెప్పి అక్కడి దాకా తెచ్చాం. మత్తు డాక్టరు వచ్చి, చివరిసారి ఏం తిన్నాడు, ఎన్నింటికి అని అడిగారు. రాత్రి తొమ్మిదింటికి పెరుగన్నం అని చెప్పబోయాను. ఆ మాట నాలుక మీదికి వచ్చేసింది. ఆయన కాగితం మీద పెన్ను ఆన్చి నా జవాబు కోసం చూస్తున్నారు. మా వాడు గౌను మీద బొమ్మ కారు నడుపుతున్నాడు. ఐదింటికి అరగ్లాసు పాలు తాగాడండీ అన్నాను.

ఆయన కోప్పడలేదు. మా అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని వివరించారు. పాలు కడుపులోకి వెళ్ళగానే విరిగి గట్టిపడతాయి, అన్నంలాగే అరగడానికి టైమ్ పడుతుంది. మత్తులో ఉన్న బిడ్డకు దగ్గడం, మింగడం తెలియదు. కడుపులో ఉన్నది పైకి వస్తే నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అదంతా చెప్పి, మీరు దాచకుండా చెప్పారు కాబట్టి మనవడు క్షేమంగా ఇంటికి వెళ్తున్నాడమ్మా అన్నారు. ఆపరేషన్ వారం వాయిదా పడింది. ఆటోలో నేను ఏడుస్తూనే ఉన్నాను. మా అమ్మ రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. రెండోసారి ముందురోజు రాత్రి వంటింటికి తాళం వేసి, తాళం చెవి తెచ్చి నా దిండు కింద పెట్టింది.

కడుపు ఖాళీగా ఉంచే లెక్క కూడా ఇక్కడే చెప్తాను. అన్నం, బిస్కెట్లు, ఆవు పాలు, గేదె పాలు, డబ్బా పాలు ఆపరేషన్‌కు ఆరు గంటల ముందు ఆపాలి. తల్లి పాలైతే నాలుగు గంటల ముందు. మంచినీళ్ళు రెండు గంటల ముందు దాకా ఇవ్వొచ్చు, కొన్ని ఆస్పత్రుల్లో ఇంకా తక్కువ సమయం చెప్తారు. మీ డాక్టరు చెప్పిన గంటలే మీకు లెక్క, ఒక కాగితం మీద రాయించుకుని ఫ్రిజ్‌కు అంటించండి. భయం కొద్దీ రాత్రి ఎనిమిది నుంచే నీళ్ళు కూడా ఆపేస్తారు కొందరు. అలా చేస్తే పొద్దున్నకు బిడ్డ నీరసించి, నాలుక ఎండిపోయి, చేతికి సూది పెట్టడానికి నరం దొరకడమే కష్టమవుతుంది. చిన్నపిల్లల కేసు కాబట్టి లిస్టులో మొదట పెట్టమని అడగండి, చాలామంది అలాగే చేస్తారు.

ఇప్పుడు మీ అత్తగారి మాట. ఆవిడ తన కళ్ళతో చూసిందే చెప్తున్నారు కాబట్టి దాన్ని కొట్టిపారేయకండి. బొడ్డు దగ్గర ఉబ్బే హెర్నియా నాలుగైదేళ్ళు వచ్చేసరికి చాలామంది పిల్లల్లో దానంతట అదే మూసుకుంటుంది. పసిపిల్లల్లో బీజాల సంచిలో నీరు చేరే వరిబీజం కూడా ఏడాది, రెండేళ్ళలో ఎక్కువమందికి తగ్గిపోతుంది. మీ మరిదిగారికి ఉన్నది ఆ రెండింటిలో ఒకటి అయ్యుండొచ్చు. గజ్జలో వచ్చే హెర్నియా వేరు. మగబిడ్డ కడుపులో ఉన్నప్పుడు వాడి బీజాలు పొట్టలోంచి ఒక దారి గుండా కిందికి దిగుతాయి. పుట్టే వేళకు అటూ ఇటూగా ఆ దారి మూసుకోవాలి. మూసుకోకపోతే పేగు అందులోకి జారుతుంది. ఇలా తెరిచి ఉండి హెర్నియా అయిన దారి తనంతట తాను మూసుకోదు. మందులకూ, నూనెలకూ, రూపాయి బిళ్ళ పెట్టి కట్టే కట్లకూ లొంగదు. అత్తగారిని కూడా ఒకసారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, ఈ తేడా ఆయన నోటితోనే చెప్పించండి. మీరు చెప్తే కోడలి వాదన అవుతుంది, ఆయన చెప్తే వైద్యం అవుతుంది.

వాయిదా పడితే, ఆపరేషన్ అయ్యేదాకా ఇంట్లో అందరికీ తెలిసి ఉండాల్సిన సంగతి ఒకటుంది. ఉబ్బు గట్టిపడి లోపలికి పోకపోయినా, ముట్టుకుంటే బాబు కెవ్వుమన్నా, చర్మం ఎర్రబడినా, వాంతులు అవుతున్నా, ముఖ్యంగా అవి ఆకుపచ్చగా ఉన్నా అర్ధరాత్రి అయినా సరే ఆస్పత్రికి బయల్దేరండి. దారిలో ఏమీ తినిపించొద్దు, తాగించొద్దు. తెల్లారాక చూద్దాంలే అనుకునే విషయం కాదు అది.

మీ నిద్ర పాడుచేసిన వీడియో గురించి. ఆ భయానికి మూలం లేకపోలేదు. మూడేళ్ళ లోపు పిల్లలకు మూడు గంటలకు మించి మత్తు ఇచ్చినా, పదే పదే ఇచ్చినా ఎదిగే మెదడు మీద ప్రభావం ఉండొచ్చని 2016 చివర్లో అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసింది. వీడియోల వాళ్ళు ఆ మూడు గంటల మాట వదిలేసి మిగతాది చెప్తారు. మీ బాబుకు జరిగేది మొత్తం గంటలోపు పని. సరిగ్గా ఈ హెర్నియా ఆపరేషన్ చేయించుకున్న పసిపిల్లల మీదే ఏడు దేశాల్లోని 28 ఆస్పత్రుల్లో ఒక పెద్ద పరిశీలన జరిగింది. 722 మంది పసివాళ్ళలో కొందరికి పూర్తి మత్తు ఇచ్చారు, కొందరికి మెలకువగా ఉంచి నడుము కింద తిమ్మిరి మందు మాత్రమే ఇచ్చారు. వాళ్ళకు ఐదేళ్ళు వచ్చాక తెలివితేటలు పరీక్షిస్తే రెండు గుంపులకూ తేడా కనబడలేదు. ఆ ఫలితాలు 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. వాళ్ళంతా మీ బాబుకన్నా చాలా చిన్నవాళ్ళు, నెలల పిల్లలు. ఇంత చదివాక కూడా ఆ రోజు తలుచుకుంటే నాకు భయం వేస్తూనే ఉంటుంది, అది వేరే సంగతి. కానీ రాత్రి రెండింటికి లేచి ఫోన్‌లో ఇంకో వీడియో వెతుక్కోవాల్సిన భయం కాదు అది.

మిమ్మల్ని లోపలికి రానిస్తారా అంటే, ఆస్పత్రిని బట్టి ఉంటుంది. కొన్నిచోట్ల మత్తు ఎక్కేవరకు తల్లినో, తండ్రినో ఉండనిస్తారు. కొన్నిచోట్ల ముందే ఒక తియ్యటి మందు తాగించి, బాబు జోగుతూ ఉండగా తలుపు దగ్గర మీ చేతుల్లోంచి తీసుకుంటారు. మా ఆస్పత్రిలో నన్ను రానిచ్చారు. ముఖానికి మాస్కు పెట్టగానే వాడు తల విసిరాడు. కాసేపటికి కళ్ళు పైకి తేలిపోయి, చెయ్యి నా చేతిలోంచి జారిపోయింది. అది మామూలేనని ఎవరో ఒకరు నాకు ముందే చెప్పి ఉంటే బాగుండేది. అందుకే మీకు చెప్తున్నాను: అలాగే ఉంటుంది. ముద్దు పెట్టుకుని బయటికి వచ్చేయండి, అక్కడి నుంచి వాళ్ళ పని.

లోపల జరిగేది చాలా చిన్నది. గజ్జ మడతలో రెండు మూడు సెంటీమీటర్ల గాటు పెట్టి, ఆ తెరిచి ఉన్న దారిని పైకంటా కట్టేస్తారు. పెద్దవాళ్ళకు వేసినట్టు వల లాంటి జాలీ (మెష్) వేయరు. లోపల కరిగిపోయే కుట్లే వేస్తారు కాబట్టి తీయించే పని ఉండదు. మత్తులో ఉండగానే వీపు కింద భాగంలో ఒక ఇంజెక్షన్ ఇస్తారు చాలాచోట్ల. దానివల్ల లేచాక కొన్ని గంటలు నొప్పి తెలియదు. కాళ్ళు కాసేపు పట్టు లేనట్టు ఉంటే కంగారు పడకండి. సంతకం పెట్టమని ఇచ్చే కాగితంలో రాసి ఉన్నవి చదివితే గుండె జారుతుంది. చదవకుండా మాత్రం సంతకం పెట్టొద్దు. మీకు భయం వేసిన ప్రతి మాట గురించీ అడగండి, ఎడమవైపు కూడా తర్వాత వచ్చే అవకాశం ఎంత అన్నది కూడా.

ఆరోజు నన్ను అన్నిటికంటే ఎక్కువ కుదిపేసింది వాడు లేచిన తర్వాతి ఇరవై నిమిషాలు. కళ్ళు తెరిచి నన్ను చూశాడు, గుర్తుపట్టలేదు. ఒళ్ళు విరుచుకుంటూ, కాళ్ళు తన్నుకుంటూ, నన్ను నెట్టేస్తూ అరిచాడు. బిడ్డకు ఏదో అయిపోయిందనుకున్నాను. చిన్నపిల్లల్లో, ముఖ్యంగా రెండు నుంచి ఐదేళ్ళ వయసులో, మత్తు వదిలేటప్పుడు ఇలా జరగడం చాలా మామూలని నర్సమ్మ చెప్పింది. నిద్రకూ, మెలకువకూ మధ్య ఉంటారట. కాసేపటికి వాళ్ళే సర్దుకుంటారు, తర్వాత వాళ్ళకు అది గుర్తు కూడా ఉండదు. ఎక్కువ మాట్లాడించకుండా, సూది ఊడిపోకుండా చెయ్యి పట్టుకుని, రోజూ జోకొట్టేటప్పుడు పాడే పాటేదో మెల్లగా పాడండి. వాడు రోజూ పట్టుకుని పడుకునే దుప్పటి తీసుకెళ్ళండి.

మీ బాబుకు మొలతాడు ఉంటే ముందురోజే తీసేయండి. గాటు పడేది దాని కిందే కాబట్టి అక్కడ ఎలాగూ తీయించేస్తారు. మా అమ్మ ఒప్పుకోలేదు, అశుభం అంది. చివరికి ఆ మొలతాడును ఆవిడ చేతికే కట్టాను. వాడు ఇంటికి వచ్చేదాకా విప్పలేదు. తాయెత్తు, కడియాలు, కాటుక, దిష్టి చుక్క, గోళ్ళ రంగు ఏవీ వద్దు. వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెడతారు.

ఇంటికి వచ్చాక మొదటి రెండు రోజులు నొప్పి మందు టైమ్ ప్రకారం వేయండి. ఏడ్చాక వేద్దాం అనుకుంటే నొప్పి ముందుకు వెళ్ళిపోతుంది, మందు దాని వెనక పరుగెత్తాలి. పారాసెటమాల్ ఒకే పేరుతో వేర్వేరు బలాల్లో దొరుకుతుంది. ఐదు మిల్లీలీటర్లకు 120, 125 మిల్లీగ్రాములు ఉండే సిరప్‌లున్నాయి, 250 ఉండేదీ ఉంది. చుక్కల మందు వీటన్నిటికంటే బలంగా ఉంటుంది. ఇంట్లో ఉన్న పాత సీసా తీయకుండా, బరువును బట్టి డాక్టరు రాసిన సీసానే, దాంతో వచ్చిన కొలతతోనే వేయండి. తిండి విషయంలో పథ్యం పేరుతో వాడిని మాడ్చొద్దు. పప్పు తింటే చీము పడుతుందని మా ఇంట్లో వారం రోజులు కారప్పొడి అన్నమే పెట్టాలన్నారు. గాయం మానడానికి పప్పూ, గుడ్డూ, పాలూ కావాలి అని డాక్టరు మా అమ్మకు చెప్పాక ఇంట్లో ముద్దపప్పు ఉడికింది. బీజాల సంచి దగ్గర కొంచెం వాపు, కమిలినట్టు రంగు కొన్నాళ్ళు ఉంటాయి. కుట్టు దగ్గర ఎరుపు పెరుగుతున్నా, చీము కారుతున్నా, జ్వరం వచ్చినా, ఒంటికి పోయకుండా చాలాసేపు ఉండిపోయినా ఫోన్ చేయండి. స్నానం ఎప్పుడు చేయించాలో వాళ్ళే చెప్తారు. మూడు చక్రాల సైకిల్ మాత్రం రెండు వారాలు మంచం కింద దాచేయండి. మూడో రోజుకే మీరు ఆపలేనంత పరుగులు పెడతాడు.

కోపం సంగతి చివరికి ఉంచాను. వాడికి ముందే చెప్పారా? ఈ వయసు పిల్లలకు వారం ముందు చెప్పినా ఉపయోగం లేదు. ముందురోజు, రెండే రెండు మాటల్లో చెప్పండి. 'నీ బుజ్జి వాపు డాక్టరుగారు బాగుచేస్తారు. నువ్వు బజ్జుంటావు, లేచేసరికి అమ్మ ఉంటుంది.' ఒక బొమ్మకు గజ్జలో ప్లాస్టర్ అంటించి వాడి చేత ఆడించండి. సూది ఉండదు అని మాత్రం చెప్పకండి. ఐస్‌క్రీమ్ షాపుకు వెళ్తున్నాం అని తీసుకెళ్ళొద్దు. అల్లరి చేస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి సూది వేయిస్తా అనే బెదిరింపు మీ ఇంట్లోనూ ఉంటే, ఈరోజు నుంచి ఎవరూ ఆ మాట అనకుండా చూడండి.

తర్వాత వారం పది రోజులు వాడు రాత్రిళ్ళు లేచి ఏడవొచ్చు, మిమ్మల్ని వదలకుండా కొంగు పట్టుకుని తిరగొచ్చు, మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలుపెట్టొచ్చు. దాన్ని కోపం అనుకోకండి. మా వాడు పది రోజులు నా పక్కలోంచి కదల్లేదు, తర్వాత ఒక రాత్రి తనే వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళి పడుకున్నాడు. ఇప్పుడు అడిగితే ఆ ఆస్పత్రి లిఫ్టూ, అందులో తను నొక్కిన బటన్లూ తప్ప వాడికి ఏమీ గుర్తులేదు.

రేపు ఫోన్ చేసేటప్పుడు మీ ఆయన చేత చేయించండి. దగ్గు గురించి డాక్టరు చెప్పేది ఆయనే స్వయంగా వింటే మీ ఇద్దరి మధ్యా మాట పెరగదు. వాళ్ళు ఏ తేదీ ఇచ్చారో నాకు రాయండి. ఆ రోజు ఉదయం నేనూ మీ బాబును తలుచుకుంటాను.